చవక చైన్ దుకాణమా, చిన్న కొట్టా: ఆ తగ్గింపు ఎవరి జేబులోది?

పెద్ద డిస్కౌంట్ దుకాణాల్లో కొనడం తప్పా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నన్నే ఎందుకంటే, అలాంటి చైన్ ఒకదానికి సరుకు పంపే చిన్న తయారీ కంపెనీలో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. లోపలి రహస్యం ఏదో చెబుతానని వాళ్ల ఆశ. రహస్యాలేమీ లేవు గానీ, ఈ వాదన ఎప్పుడూ తప్పు చోటే మొదలవుతుందన్న విసుగు మాత్రం ఉంది. ఒకరు "చిన్న కొట్లు మూతపడుతున్నాయి, పాపం" అంటారు. ఇంకొకరు "జీతం చాలని మనిషికి చవగ్గా దొరికితే నీకేం నష్టం?" అంటారు. ఇద్దరి మాటా నిజమే. అయితే ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వచ్చిందో ఇద్దరూ అడగరు.

ధర తగ్గడానికి దారులు రెండు. మొదటిది, ఖర్చు నిజంగానే తగ్గడం. జర్మనీలో ఆల్బ్రెక్ట్ సోదరులు పెంచిన ఆల్డి అనే చవక దుకాణాల చైన్ ఇందుకు పాత ఉదాహరణ. మామూలు సూపర్ మార్కెట్లో వేలకు వేల రకాలుంటే, అక్కడ ఉండేవి రెండు వేల చుట్టుపక్కల. సరుకు అట్టపెట్టెల్లోంచి తీసి సర్దరు, పెట్టె మూత చింపి అలాగే పెడతారు. ట్రాలీకి నాణెం వేయిస్తారు కాబట్టి, కొన్నవాళ్లే దాన్ని తెచ్చి చోట్లో పెట్టి వెళతారు. సభ్యులకే అమ్మే అమెరికా చైన్ కాస్ట్‌కో అయితే నాలుగు వేల రకాలు కూడా ఉంచదు. కొన్న ధర మీద 14, 15 శాతానికి మించి వేసుకోదు. దాని లాభంలో ఎక్కువ భాగం సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. రకాలు తక్కువైతే ఒక్కో రకం ఎక్కువ అమ్ముడుపోతుంది, తయారు చేసేవాళ్లకు ఒకే సరుకు మీద పెద్ద ఆర్డర్ వస్తుంది, గోదాములో నిలవ ఉండదు. ఈ తగ్గింపులో ఎవరి కడుపూ కొట్టనక్కర్లేదు. మనం వదులుకునేదల్లా పదిహేను రకాల టూత్‌పేస్టుల్లోంచి ఎంచుకునే సరదా.

రెండో దారిలో ఖర్చు ఎక్కడికీ పోదు, మోసే భుజం మారుతుంది.

మా కంపెనీ సంగతే చెబుతాను. సరుకు ఆ చైన్ వాళ్ల గోదాములో దించిన 90 రోజులకు డబ్బు ఇస్తామని ఒప్పందం. అల్మరాలో పెట్టిన మా సరుకు మూడు వారాల్లో అమ్ముడైపోయేది, వాళ్ల చేతికి నగదు వచ్చేది. మిగతా రెండు నెలల పైచిలుకు ఆ డబ్బు వాళ్ల దగ్గరే తిరిగేది. మేమేమో బ్యాంకు అప్పుకి (ఓవర్‌డ్రాఫ్ట్‌కి) వడ్డీ కడుతూ జీతాలిచ్చేవాళ్లం. అంటే మాకంటే వందల రెట్లు పెద్ద సంస్థకు మేం వడ్డీ లేని అప్పు ఇస్తున్నామన్నమాట. తొంభయ్యో రోజున వచ్చేది కూడా ఇన్‌వాయిస్‌లో రాసిన మొత్తం కాదు. ముందు డెబిట్ నోట్లు, అంటే కోతల చీటీలు, దిగేవి: లేబుల్ వంకరగా అంటించారని, లారీ రెండు గంటలు ఆలస్యమైందని, ప్రచారంలో మీ వాటా ఇదని. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని బోర్డు చూసి సంబరపడేవాళ్లకు ఆ రెండోది ఇచ్చిన చెయ్యి ఎవరిదో తెలియదు. మా విషయంలో అది మాదే. కాదంటే వచ్చే సీజన్‌లో అల్మరాలో చోటుండదు. మా అమ్మకాల్లో సగానికి పైగా ఆ ఒక్క చైన్‌కే పోయేది కాబట్టి కాదనే దమ్ము మా యజమానికి లేదు. ఒక ఏడాది కార్మికుల ఓవర్‌టైమ్ డబ్బు రెండు నెలలు ఆపేశాం. ఆపాల్సిన పేర్ల జాబితా నా చేత్తోనే రాశాను.

ఇది మా ఒక్కరి బాధే అయితే ఇంత రాయను. బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులు వినడానికి 2013లో ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టాల్సొచ్చింది. అక్కడి సూపర్ మార్కెట్ చైన్ టెస్కో తన లెక్కలు బాగా కనబడేందుకు సరఫరాదారులకు ఇవ్వాల్సిన డబ్బును తెలిసే ఆలస్యం చేసిందని ఆ అధికారి 2016లో తేల్చారు. అమెరికా చైన్ వాల్‌మార్ట్ 2017లో కొత్త నియమం తెచ్చింది: చెప్పిన గడువులో, చెప్పినంత సరుకు రాకపోతే ఆ సరుకు విలువలో 3 శాతం జరిమానా. ఐరోపా సమాఖ్య 2019లో వ్యవసాయ, ఆహార సరుకుల కోసం చట్టమే చేసింది: త్వరగా పాడయ్యేవాటికి 30 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో డబ్బు ఇచ్చి తీరాలి. మేం తొంభై రోజులు ఎదురుచూసిన కాలంలో ఇలాంటిదొకటి మాకూ ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పైనుంచి వచ్చే నొక్కుడు మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. చైన్ కంపెనీని నొక్కితే, కంపెనీ ఉప కాంట్రాక్టరును నొక్కుతుంది, అతను కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషిని. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రాణా ప్లాజా కూలినప్పుడు 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న దుస్తుల ఫ్యాక్టరీల వాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు, ఆర్డర్ల గడువు దగ్గరపడింది మరి. చవకకు పేరుపడ్డ ప్రైమార్క్ బట్టలు ఆ భవనంలో కుట్టారు. ఖరీదైన బెనెటన్ బట్టలూ అక్కడే కుట్టారు. "ఎక్కువ పెట్టి కొంటే నా మనసు తేలిక" అనేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క సంగతే. ధర చీటీ చూసి మంచిచెడ్డలు చెప్పలేం.

ఆ తర్వాత ఎవరేం చేశారన్నది చూస్తే కొంత తెలుస్తుంది. కార్మిక సంఘాలతో కలిసి, కోర్టులో నిలిచే భద్రతా ఒప్పందం మీద రెండు వందలకు పైగా బ్రాండ్లు సంతకం చేశాయి. వాల్‌మార్ట్, అమెరికా దుస్తుల సంస్థ గ్యాప్ అందులో చేరకుండా తమ సొంత కూటమి పెట్టుకున్నాయి. చేరినవాళ్లలో చవక చైన్లూ ఉన్నాయి. అంటే చవగ్గా అమ్ముతూ కూడా బాధ్యత తలకెత్తుకోవచ్చు.

ఇక చిన్న కొట్టు. దాని మీద నాకు మమకారం ఉంది, కానీ పుణ్యక్షేత్రం అనుకోను. చాలా కొట్లలో పనివాళ్లకు జీతం చీటీ ఉండదు, సెలవు ఉండదు, ఇంట్లోవాళ్ల చాకిరీకి లెక్కే ఉండదు. పెద్ద చైన్‌లో జీతం తక్కువైనా కాగితం మీద ఉంటుంది. (ఆ తక్కువ జీతానికీ బిల్లు ఎక్కడో పడుతుంది. ప్రభుత్వ ఆహార సాయం, వైద్య సాయం అందుకుంటున్న ఉద్యోగులు ఎక్కువగా ఉన్న సంస్థల్లో వాల్‌మార్ట్ ఒకటని అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2020లో నివేదిక ఇచ్చింది. చవక సరుకు మీద మిగిలిందనుకున్నది పన్నులో పోతోందన్నమాట.) పైగా అదే ఫ్యాక్టరీ చొక్కా చిన్న కొట్టులో కొన్నంత మాత్రాన కుట్టిన మనిషికి ఒరిగేదేం లేదు.

చిన్న కొట్టు వైపు నేను మొగ్గేది వేరే కారణానికి. ఆ కొట్టు యజమాని టోకు వర్తకుడికి చాలావరకు చేతిలో డబ్బు పెట్టే సరుకు తెచ్చుకుంటాడు, అప్పు పెట్టినా కొద్ది రోజులే. సరఫరా చేసేవాణ్ణి తొంభై రోజులు ఆపే బలం అతనికి లేదు. మంచితనం వల్ల కాకపోవచ్చు, బలం లేకపోవడం వల్లే కావచ్చు. ఫలితం ఒకటే. అతని దగ్గర ధర ఎక్కువుండటం అతని దురాశ అని కూడా అనుకోకండి. పెద్ద కొనుగోలుదారుకు ఇచ్చిన తగ్గింపును తయారీదారు ఎక్కడో రాబట్టుకోవాలి, చాలాసార్లు రాబట్టేది చిన్నవాళ్ల దగ్గరే. అమెరికా దీన్ని 1936లోనే గుర్తించింది. అప్పటి కిరాణా చైన్ దిగ్గజం ఏ అండ్ పీని దృష్టిలో పెట్టుకుని, ఒకే సరుకును పెద్దవాళ్లకొక ధరకు, చిన్నవాళ్లకొక ధరకు అమ్మి పోటీని దెబ్బతీయకూడదని రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం తెచ్చింది. 1980ల తర్వాత దశాబ్దాల పాటు దాన్ని అమలు చేయడం దాదాపు మానేశారు.

ఆన్‌లైన్ దుకాణాల సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఇదే ఆట ఇంకా పెద్ద మైదానంలో. కొనేవాళ్లే యజమానులైన సహకార దుకాణాలు ఆలోచనగా నాకిష్టం. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి పెట్టిన కొట్టు వాటికి దారి చూపింది. మీ దగ్గర్లో బాగా నడిచేది ఒకటుంటే ఈ వ్యాసంతో మీకు పనిలేదు.

మరి నేనేం చేస్తాను? నెలాఖరుకు చిల్లర లెక్కపెట్టుకునే రోజులైతే ఎక్కడ చవకైతే అక్కడే కొంటాను, ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. ఆ ఇబ్బంది లేనప్పుడు, సబ్బులూ కాగితం సామానూ లాంటివి రకాలు తక్కువగా ఉంచే చవక చైన్‌లో కొంటాను. ఎప్పుడు చూసినా ఏదో ఒక ఉచితం బోర్డు వేలాడే చోటికి వెళ్లను, ఆ బోర్డుల లెక్క నాకు తెలుసు కాబట్టి. ధరలో తేడా పదో వంతు లోపుంటే చిన్న కొట్టు. సరఫరాదారులకు సగటున ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తున్నారో పెద్ద కంపెనీలు ఏడాదికి రెండుసార్లు బయటపెట్టాలని బ్రిటన్‌లో 2017 నుంచి నియమం ఉంది. అలాంటి లెక్క దొరికే చోట ప్రకటనల కంటే ముందు అది చూడండి.

బట్టలు తక్కువ కొని ఎక్కువ కాలం వాడుతున్నాను. చెప్పుల విషయం మాత్రం నాకింకా తేలలేదు. ఎవరు చేశారో, ఎన్ని చేతులు మారి వచ్చాయో, ఏ దుకాణంలో అడిగినా సమాధానం రాలేదు. ప్రస్తుతానికి పాత జతకే మూడోసారి అట్ట వేయించాను.