హోమ్స్, పాయిరో, మేగ్రే: ఏ సిరీస్ కొని దాచుకోవాలి?

పాత డిటెక్టివ్ సిరీస్ ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలి, వీలైతే పుస్తకాలన్నీ కొని దాచుకోవాలి అనుకునేవాళ్లకి మొదట్లోనే ఒక సందేహం వస్తుంది. షెర్లాక్ హోమ్స్‌తో మొదలుపెట్టాలా, హెర్క్యూల్ పాయిరోతోనా, పారిస్ పోలీసు అధికారి మేగ్రేతోనా? నాకు ముగ్గురూ ఇష్టమే. అయితే చదవడానికి ఏది మేలు అన్న ప్రశ్న వేరు, కొనుక్కోవడానికి ఏది మేలు అన్న ప్రశ్న వేరు. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా మళ్లీ తీసి చదవాలనిపించే పుస్తకమే షెల్ఫ్‌లో ఉండాలి. మిగతావి ఎవరి దగ్గరైనా తెచ్చుకుని చదివి ఇచ్చేయొచ్చు. ఈ మూడు సిరీస్‌లనీ నేను ఆ లెక్కలోనే చూస్తాను.

ముందు ఎన్ని పుస్తకాలో చూద్దాం. ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన హోమ్స్ మొత్తం 60: నాలుగు నవలలు, 56 కథలు. 1887లో మొదలై 1927లో ముగిశాయి. పుస్తకాలుగా తొమ్మిదే. అగాథా క్రిస్టీ పాయిరో 1920 నుంచి 1975 దాకా సాగాడు: 33 నవలలు, 50కి పైగా కథలు. జార్జ్ సిమెనాన్ మేగ్రే 1931 నుంచి 1972 దాకా: 75 నవలలు, 28 కథలు. హోమ్స్‌ని తీరిగ్గా చదివినా కొన్ని నెలల్లో అయిపోతుంది. పాయిరోకి ఏడాదో రెండేళ్లో కావాలి. మేగ్రే సంఖ్య చూసి భయపడక్కర్లేదు, ఒక్కో నవలా చాలా చిన్నది. ఒక సాయంత్రం కూర్చుంటే చాలావరకు అయిపోతుంది.

హోమ్స్‌ని ఏ వరసలో చదవాలన్న టెన్షన్ అవసరం లేదు. కథల్లో వచ్చే తేదీలను బట్టి పేర్చుకుని చదవాలని చూసేవాళ్లున్నారు గానీ ఆ లెక్క ఎప్పటికీ తేలదు. మొదటి నవలలో హోమ్స్ స్నేహితుడు, మనకి కథ చెప్పే వాట్సన్‌కి యుద్ధంలో తూటా భుజానికి తగులుతుంది. రెండో నవల వచ్చేసరికి గాయం కాలికి మారిపోతుంది. జాన్ వాట్సన్‌ని ఒక కథలో సొంత భార్యే జేమ్స్ అని పిలుస్తుంది. అందుకని అచ్చయిన వరసలో చదవడమే నయం. ఒక్క మార్పు మాత్రం చేసుకోండి: మొదటి నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’తో కాకుండా 1892లో వచ్చిన ‘అడ్వెంచర్స్’ సంపుటంతో మొదలుపెట్టండి. ఆ నవల సగంలో కథ హోమ్స్‌ని వదిలేసి అమెరికా వెళ్లిపోతుంది, చాలాసేపు తిరిగి రాదు. కొత్త పాఠకుడి ఉత్సాహం అక్కడే చల్లబడుతుంది. ‘అడ్వెంచర్స్’లోని 12 కథలకి ఆ ఇబ్బంది లేదు. పన్నెండూ చదివాక హోమ్స్ మీకు నచ్చకపోతే ఆ సిరీస్ మీది కాదని నిశ్చయంగా అనుకోవచ్చు.

ఇంకో చిన్న మాట. 1893 డిసెంబరులో అచ్చయిన కథలో డాయిల్ హోమ్స్‌ని చంపేశాడు. మళ్లీ బతికించింది 1903లో. అప్పటి పాఠకులు పదేళ్లు ఎదురుచూశారు. మనం పేజీ తిప్పితే చాలు, వచ్చేస్తాడు. కానీ ఆ చావు కథతో ముగిసే ‘మెమ్వార్స్’ సంపుటం అయిన వెంటనే, ఆయన తిరిగొచ్చే ‘రిటర్న్’ సంపుటం తెరవకండి. ఓ నెల ఆగండి. మధ్యలో కావాలంటే 1901, 1902ల్లో సీరియల్‌గా వచ్చిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ చదువుకోండి, అది ఆ చావుకి ముందు జరిగిన కథే. అలా ఆగి చదివితే ఆయన తిరిగొచ్చే సన్నివేశంలో వాట్సన్‌తోపాటు మన గుండే ఝల్లుమంటుంది.

ఇక మళ్లీ చదవడం. హోమ్స్ కథల్లో చాలావాటికి నేరస్థుడెవరో నాకు కంఠతా వచ్చు. అయినా ఒక పాత టోపీని అటూ ఇటూ తిప్పి చూసి దాని యజమాని గతి అంతా చెప్పేసే ఆ నాలుగు పేజీలూ ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. బయట పొగమంచు, లోపల మంట, మెట్ల మీద ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. ఆ గదిలోకి వెళ్లి కూర్చోవడానికే పుస్తకం తీస్తాం, రహస్యం కోసం కాదు. చివరి సంపుటం ‘కేస్‌బుక్’ (1927) మాత్రం బలహీనం. రెండు కథలు హోమ్సే స్వయంగా చెప్తాడు, వాట్సన్ గొంతు లేని లోటు అక్కడ బాగా తెలుస్తుంది.

కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. హోమ్స్ కథలన్నీ ఇప్పుడు కాపీరైట్ దాటిపోయాయి. చివరి కథల హక్కులు అమెరికాలో కూడా 2023 జనవరి 1తో ముగిశాయి. డిజిటల్‌గా చదవడం అందరికీ అందుబాటులో ఉంది, అది మంచిదే. కానీ ఎవరు పడితే వాళ్లు అచ్చేయొచ్చు కాబట్టి సంక్షిప్తం చేసినవీ, తప్పులతో నిండినవీ కూడా ‘కంప్లీట్’ అన్న పేరుతోనే వస్తాయి. పుస్తకం మంచిదో కాదో చూడటానికి నాకో గుర్తుంది: ‘ది కార్డ్‌బోర్డ్ బాక్స్’ అనే కథ ఎక్కడుందో చూస్తాను. 1893లో పత్రికలో వచ్చిన ఈ కథని బ్రిటిష్ ‘మెమ్వార్స్’ సంపుటంలో చేర్చలేదు, తర్వాత 1917 నాటి ‘హిజ్ లాస్ట్ బౌ’లో పెట్టారు. దాని మొదట్లో హోమ్స్ వాట్సన్ మనసులో మాట చదివేసే సన్నివేశం ఒకటుంది. కథని పక్కన పెట్టినా ఆ సన్నివేశాన్ని వదులుకోలేక ‘ది రెసిడెంట్ పేషెంట్’ మొదట్లో అతికించారు. అందుకే కొన్ని సంపుటాల్లో అదే సన్నివేశం రెండుసార్లు కనిపిస్తుంది. ఈ సంగతి గురించి ఒక్క ముక్కైనా రాసిన సంపాదకుడున్న పుస్తకాన్ని నమ్మి కొనొచ్చు.

అన్నీ ఒకే సంపుటంలో కావాలా, తొమ్మిదీ విడివిడిగానా? ఒకే సంపుటమైతే వెయ్యి పేజీలు దాటుతుంది. పల్చటి కాగితం, చిన్న అక్షరాలు. చేత్తో పట్టుకుని పడుకుని చదవలేం. బల్ల మీద పెట్టుకుని వెతుక్కోవడానికే పనికొస్తుంది. నేను విడి పుస్తకాల పక్షమే.

పాయిరో దగ్గరికొస్తే సంగతి చిక్కుగా ఉంటుంది. పజిల్‌గా చూస్తే మూడింటిలోనూ ఇదే గొప్పది, అందులో నాకు అనుమానమే లేదు. హోమ్స్ కథల్లో చాలాసార్లు ఆధారం ఆయన జేబులోనే ఉండిపోతుంది, ఆఖర్న మనకి చూపిస్తాడు. క్రిస్టీ అన్నీ మన కళ్ల ముందే పెడుతుంది, మనమే చూడం. చదివే ఆనందం మాత్రమే కావాలంటే పాయిరోనే తీసుకోండి.

ఎక్కడినుంచి చదివినా ఫరవాలేదు, ఏ నవలకి ఆ నవలే అని చాలామంది చెప్తారు. నేనూ అలాగే నమ్మి, చేతికందింది కదా అని 1937 నాటి ‘డంబ్ విట్‌నెస్’ని మూడో పుస్తకంగా చదివాను. అందులో మాటల మధ్యలో పాయిరో తన పాత కేసుల్లోని హంతకుల్ని తలుచుకుంటాడు, నలుగుర్ని, పేర్లతో సహా. వాటిలో 1926 నాటి ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ కూడా ఉంది. ఆ నవలని ఏమీ తెలియకుండా చదివే అవకాశం జీవితంలో ఒక్కసారే వస్తుంది, నాకది పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. అలాగే 1936 నాటి ‘కార్డ్స్ ఆన్ ది టేబుల్’లో ఒకే ఒక్క వాక్యం 1934 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ గుట్టు విప్పేస్తుంది. కాబట్టి కనీసం 1937 దాకా అచ్చయిన వరస తప్పకండి.

పేర్ల గోల ఇంకొకటి. క్రిస్టీ నవలలు చాలావాటికి బ్రిటన్‌లో ఒక పేరు, అమెరికాలో మరో పేరు. ‘లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్’, ‘థర్టీన్ ఎట్ డిన్నర్’ ఒకే నవల. ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ని అక్కడ ‘మర్డర్ ఇన్ రెట్రాస్పెక్ట్’ అన్నారు. ‘వన్, టూ, బకిల్ మై షూ’కైతే అక్కడ రెండు పేర్లున్నాయి. చదవని పాయిరో దొరికిందని సంబరపడి కొనుక్కుని, రెండో పేజీలోనే ‘అయ్యో, ఇది నా దగ్గరుందే’ అనుకోవడం నాకు జరిగింది. కొనే ముందు అట్ట లోపలి పేజీలో మొదట అచ్చయిన సంవత్సరం, అసలు పేరు చూసుకోవాలి. కథల సంపుటాలు మరీ గందరగోళం. ‘పాయిరో ఇన్వెస్టిగేట్స్’ 1924లో బ్రిటన్‌లో 11 కథలతో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో 14 కథలతో. విడి సంపుటాలు పోగేసుకుంటూ పోతే అవే కథలు మళ్లీ మళ్లీ కొన్నట్టవుతుంది. ఇక్కడ మాత్రం అన్ని కథలూ కలిపిన ఒకే పెద్ద పుస్తకం తీసుకోవడం మంచిది. హోమ్స్ విషయంలో చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు, తెలుసు. కానీ పాయిరో అసలు బలం నవలల్లో ఉంది, కథల్లో కాదు.

33 నవలలూ కొనాలా అంటే వద్దంటాను. 1927 నాటి ‘ది బిగ్ ఫోర్’ అంతకుముందు పత్రికలో వచ్చిన కథల్ని కుట్టి నవల చేసింది, ఆ అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. ‘థర్డ్ గర్ల్’ (1966), ‘ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్’ (1972) వచ్చేసరికి పట్టు సడలింది. అవి చదవండి, కొనక్కర్లేదు. 1932 నాటి ‘పెరిల్ ఎట్ ఎండ్ హౌస్’ నుంచి 1942లో మొదట అచ్చయిన ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ దాకా ఉన్న పదేళ్ల పంటలోంచి పది పన్నెండు ఏరుకుంటే చాలు. ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పదహారేళ్ల కిందట ఒక చిత్రకారుడు విషంతో చనిపోయాడు. శిక్ష పడిన భార్య జైల్లోనే పోయింది. అప్పుడు అక్కడున్న ఐదుగురూ తమకి గుర్తున్నది రాసిస్తే, ఆ రాతల్లోంచే పాయిరో నిజం తీస్తాడు. నేరస్థుడు తెలిశాక మళ్లీ చదివితే అవే మాటలు వేరే అర్థంతో వినిపిస్తాయి. మొదటిసారి ఆశ్చర్యంగా అనిపించింది, రెండోసారి చదివితే దుఃఖం కలిగింది. నా మూడు సిరీస్‌ల షెల్ఫ్‌లో ఒక్క పుస్తకమే మిగుల్చుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

మేగ్రేలో పజిల్ కోసం వెతికేవాళ్లకి నిరాశే. ఎవరు చేశారో చాలాసార్లు సగంలోనే తెలిసిపోతుంది. ఎందుకు చేశారన్నదే కథ. మేగ్రే ఆ చోటికి వెళ్తాడు, పైపు ముట్టిస్తాడు, కూర్చుంటాడు, అక్కడి మనుషుల జీవితం తనలోకి ఇంకేదాకా ఆగుతాడు. 1931 నాటి ‘ది ఎల్లో డాగ్’లో కాంకార్నో అనే రేవు పట్టణం, నవంబరు వాన, ఖాళీ వీధులు, ఎవరిదో తెలియని పసుపు కుక్క. కథ మర్చిపోయినా ఆ తడి మాత్రం మర్చిపోం. రెండోసారి చదవడానికి ఇంతకన్నా అనువైన డిటెక్టివ్ సాహిత్యం నాకు తెలియదు, ఎందుకంటే దాచిపెట్టిన రహస్యం మీద అది ఆధారపడలేదు.

ఇందులో వరస అసలు పట్టించుకోవద్దు. సిమెనాన్ 1934లోనే మేగ్రేని రిటైర్ చేసి, తర్వాత మనసు మార్చుకుని దశాబ్దాలపాటు పనిచేయించాడు. మొదటి నవలలో చనిపోయిన సహాయకుడు ఆ తర్వాతి పుస్తకాల్లో మామూలుగా డ్యూటీలో కనిపిస్తాడు. ఏది దొరికితే అది చదవండి. కాకపోతే వరసగా మూడు నాలుగు చదివితే అదే వాన, అదే విచారం అనిపిస్తుంది. నెలకొకటి చొప్పున అయితే బాగుంటుంది. అసలు ఫ్రెంచి కాబట్టి అనువాదం ముఖ్యం. పాత ఇంగ్లీషు అనువాదాల్లో ఒకే నవల వేర్వేరు పేర్లతో వచ్చింది. పెంగ్విన్ 2013 నుంచి 2020 దాకా 75 నవలలనీ కొత్తగా అనువాదం చేయించి తెచ్చింది. పేర్లలో తికమక లేదు, అట్టలన్నీ ఒకే తీరున ఉంటాయి. సెట్‌గా పోగుచేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్లకి ఇంత పద్ధతైన అవకాశం మిగతా రెండింటిలోనూ దొరకడం కష్టం.

మరీ చిన్న సిరీస్ చాలనుకుంటే చెస్టర్టన్ రాసిన పాదిరీ డిటెక్టివ్ ఫాదర్ బ్రౌన్ ఉన్నాడు, 1911 నుంచి 1935 దాకా ఐదు సంపుటాలు. మొదటిది తప్పక చదవాలి.

ఇప్పటిదాకా డిటెక్టివ్ కథలే చదవనివాళ్లు హోమ్స్‌తో మొదలుపెట్టండి, తొమ్మిదీ కొనేయండి. ఆ తొమ్మిదిలో బలహీనమైనది కూడా అక్కరకొస్తుంది, ఎందుకంటే సిరీస్ చిన్నది, ఒకటి లేకపోతే వెలితి తెలుస్తుంది. పాయిరోని పూర్తిగా చదవండి, ఏరి కొనండి. మేగ్రేని తొందరపడకుండా ఏళ్ల తరబడి కొనుక్కుంటూ పోండి. నాకు వయసు పెరిగేకొద్దీ చెయ్యి ముందుగా మేగ్రే వైపే వెళ్తోంది. అయినా కొత్తవాళ్ల చేతిలో మొదట పెట్టేది మాత్రం అది కాదు.

పాయిరో చదివేవాళ్లకి ఇంకొక్క మాట. ఆయన ఆఖరి కేసు ‘కర్టెన్’ని చివరిదాకా ముట్టుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే క్రిస్టీ దాన్ని రాసి దాచిపెట్టింది, 1975లో గానీ బయటికి రాలేదు. 33 నవలల్లో పాయిరో స్నేహితుడు హేస్టింగ్స్ ఉన్నవి ఎనిమిదే. 1937 తర్వాత మాయమైన ఆ స్నేహితుడు మళ్లీ కనిపించేది ఇందులోనే. మిగతా 32 అయిపోయాక కూడా రెండేళ్లు నేను దాన్ని తెరవలేకపోయాను. తెరిచిన రోజు మొదటి పేజీలో హేస్టింగ్స్ రైలు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి మొట్టమొదటి కేసు విప్పిన ఆ స్టైల్స్ ఇంటికే వెళ్తున్నాడు.