క్లోమంలో నీటి తిత్తి: కోయించడమా, కాపు కాయడమా?

మా మేనమామది కావలి దగ్గర పల్లె. కిడ్నీలో రాళ్లేమోనని నెల్లూరులో సీటీ స్కాన్ తీయిస్తే రాయి కనబడింది. రిపోర్టు చివర ఇంకో లైను కూడా కనబడింది: క్లోమం (పాంక్రియాస్) తల భాగంలో 14 మిల్లీమీటర్ల సిస్ట్, అంటే నీటి తిత్తి. రాయి సంగతి ఆ పూటకే అందరూ మర్చిపోయారు. "లోపల పెట్టుకుని కూర్చోవడం దేనికి, తీయించి పారేద్దాం" అని మా అత్తయ్య ఒకటే పట్టు. అల్లుడు ఫోన్లో పాంక్రియాస్ క్యాన్సర్ గురించి చదివి టెన్షన్ ఇంకాస్త పెంచాడు.

భయం ఊరికే కాదు. ఈ క్యాన్సర్ చాలామందిలో కోసి తీయగలిగే దశ దాటాకే బయటపడుతుంది. అమెరికాలో కూడా ఐదేళ్లు దాటేవాళ్లు నూటికి 13 మందే. కొన్ని సిస్టులు మాత్రం క్యాన్సర్ కంటే ఏళ్ల ముందే స్కాన్‌లో దొరికిపోతాయి. అన్నీ అలాంటివి కావు. పల్చటి నీళ్లుండే సీరస్ రకం దాదాపుగా ఎప్పుడూ క్యాన్సర్ కాదు. జిగురు ఊరే రకంతోనే పేచీ. అందులోనూ క్లోమం రసం పారే ప్రధాన నాళంలో వచ్చేది ప్రమాదకరం, పక్క కొమ్మలో వచ్చేది చాలావరకు సాధువు.

మామయ్యది ఎందులోదో ఎంఆర్‌సీపీలో, అంటే ఈ నాళాలను చూపించే ఎంఆర్‌ఐ స్కాన్‌లో, తెలిసింది. ఫిల్మును ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంటే నల్లటి నేపథ్యంలో తెల్లగా సన్నటి నాళం, దాని పక్క కొమ్మకి వేలాడుతూ రేగిపండు కన్నా చిన్న బుడగ. నాళం ఉబ్బలేదు, బుడగ గోడకి గడ్డ లేదు, కామెర్లు లేవు.

ఇక కోత సంగతి. తల భాగంలో ఉంది కాబట్టి విప్పుల్ ఆపరేషన్ చేయాలి. అంటే తిత్తి ఒక్కటే తీసేది కాదు. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్ బ్లాడర్, పిత్తనాళంలో ముక్క తీసేసి, మిగిలినవన్నీ మళ్లీ అతికించాలి. చేయి తిరిగిన సెంటర్లలోనూ నూటికి ఒకరిద్దరి ప్రాణం పోతుంది. అతుకు దగ్గర లీకులు వేరే. బయటపడ్డాక కొందరికి షుగర్ వస్తుంది, కొందరు అన్నంతో పాటు అరుగుదలకి ఎంజైమ్ గోళీలు మింగాలి. కామెర్లు ఉన్నా, ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకి ఉబ్బినా, గోడలో 5 మిల్లీమీటర్ల గడ్డ కనబడినా ఇదంతా భరించాల్సిందే, అప్పుడు ఆలస్యం చేయడమే తప్పు. రేగిపండంత బుడగకి మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఈ మాట సర్జన్లే అన్నారు. కోసి తీసిన తిత్తుల్లో చాలావాటిలో క్యాన్సర్ జాడే లేకపోవడం వాళ్లనే ఇబ్బంది పెట్టింది. 2019లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు, వాళ్లలో క్రిస్టఫర్ వోల్ఫ్‌గాంగ్ అనే క్లోమం సర్జన్ కూడా ఒకరు, 862 మంది సిస్టుల వివరాలను తిరగేశారు. తిత్తి నీళ్లలో దొరికిన జన్యు మార్పులు, స్కాన్ లక్షణాలు కలిపి కంప్యూటర్‌తో లెక్క కట్టించారు. ఆ లెక్క ముందే ఉండుంటే, అనవసరంగా కోయించుకున్నవాళ్లలో సగానికి పైగా మందికి ఆపరేషన్ తప్పేదట.

మధ్యదారి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. గొంతులోంచి గొట్టం దించి, సూదితో తిత్తిలో నీళ్లు లాగుతారు. ఆ నీళ్లలో షుగర్ డెసిలీటరుకి 50 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే జిగురు రకమని అనుమానిస్తారు. రకం తెలుస్తుంది గానీ, అది రేపు క్యాన్సర్ అవుతుందో లేదో షుగర్ చెప్పదు. అనుమానం ఉన్నప్పుడు మంచి పరీక్షే, మామయ్యకి అవసరం పడలేదు.

మిగిలింది కాపు కాయడం. నా ఓటు దీనికే. ఈ జిగురు సిస్టుల కోసం డాక్టర్లు రాసుకున్న 2024 క్యోటో మార్గదర్శకాల ప్రకారం 2 సెంటీమీటర్ల లోపు ఇలాంటి సిస్టుని ఆరు నెలలు కాగానే ఒక్కసారి స్కాన్‌లో చూసి, మార్పు లేకపోతే ఏడాదిన్నరకోసారి చూస్తే చాలు. ఏడాదికి రెండున్నర మిల్లీమీటర్లు పెరిగితే మళ్లీ ఆలోచించాలి. ఇందులో చిక్కు మెషీన్‌తో కాదు, మనతోనే. నొప్పి లేని రోగానికి పినాకిని రైలెక్కి చెన్నై దాకా ఎవడు పోతాడు? "బాగానే ఉన్నాగా" అని రెండు స్కాన్లు ఎగ్గొట్టే మనిషైతే ఈ దారి అతనికి పనికిరాదు. మామయ్య ఆ రకమే. అందుకే ఫైలు అత్తయ్య చేతికిచ్చాం. ఆవిడ పాత సీడీని పాస్ పుస్తకాలతో కలిపి బీరువాలో పెట్టింది. మొన్న ఆరు నెలల స్కాన్‌కి ఆ సీడీ తీసుకెళ్లకపోతే, 14 నిజంగా 15 అయిందో, కొలతలో తేడానో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, కొలతలో తేడాయేనన్నారు.