పాత విండోస్ 7కి పాండాస్ 2.0.3

పర్లాకిమిడి, బరంపురం వైపు షాపు లెక్కలకు ఇంకా విండోస్ 7 వాడేవాళ్లు పాండాస్ (పట్టికల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) 2.0.3 వేసుకోండి. ఆ విండోస్‌పై నడిచే చివరి పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) 3.8, దానికి చివరి పాండాస్ ఇదే.

3.8కి గడువు 2024 అక్టోబరు దాకా ఉన్నా, పాండాస్ 2023 ఆగస్టులోనే, 2.1తో, వదిలేసింది. నా దృష్టిలో అది తప్పు కాదు. పాతదాన్ని పైథాన్ లైబ్రరీలు ఉండే సైటు పైపీలోంచి తీసేయలేదు కదా! నెట్ ఉంటే, లైబ్రరీలు దింపే పనిముట్టు పిప్ మన పైథాన్ చూసి తనే 2.0.3 దింపుతుంది.

చిక్కంతా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లేటప్పుడే. పాండాస్ వీల్ ఫైలు (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) పేరులో 'సీపీ38' (cp38, అంటే పైథాన్ 3.8కి) ఉండాలి. 'సీపీ39' అయితే ఎక్కనే ఎక్కదు. 32 బిట్టో 64 బిట్టో కూడా చూడండి. పాండాస్‌కి కావలసిన నమ్‌పై లైబ్రరీ 1.24 దాటకూడదు. దానికి కావలసిన మిగతా లైబ్రరీలు డేట్‌యుటిల్, పైటీజెడ్, టీజెడ్‌డేటా, సిక్స్ కూడా కాపీ చేసుకోండి. చాలామంది మర్చిపోయేది సిక్స్‌నే.