రావులపల్లి నుంచి పాండవుల గుట్టల మీదుగా ఒక చుట్టు

భూపాలపల్లి జిల్లాలో ఉన్న పాండవుల గుట్టలకు పోవడం నాకు ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కారు ఆపి, కాసేపు నడిచి, గుహలో ఆదిమానవులు గీసిన బొమ్మలు చూసి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికల్లా రామప్ప గుడి దగ్గర ఉన్నాం. వచ్చేవాళ్లలో చాలామంది చేసేది అదే. ఈసారి మాత్రం ఒక వైపు ఎక్కి, పైన గట్టు పట్టుకుని నడిచి, వెనక వైపు దిగి మళ్లీ ఊళ్లోకే రావాలని పట్టుబట్టి మా బావనీ, తొమ్మిదో తరగతి చదివే మేనకోడల్నీ లాక్కుపోయాను.

ముందు బస సంగతి. శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి రైల్లో కాజీపేట, అక్కడి నుంచి ఆటోలో హనుమకొండ. బస్టాండ్ దగ్గర లాడ్జిలో ముగ్గురికి 1,100 అంటే చౌక కదా అని దిగాం. కిటికీ కింద పెళ్లి బ్యాండు పన్నెండు దాకా మోగుతూనే ఉంది, పొద్దున వేడినీళ్లు అడిగితే ముగ్గురికి కలిపి ఒక్క బకెట్. పోయినసారి రామప్ప చెరువు పక్కన హరిత కాటేజీలో ఉన్నాం, దానికీ దీనికీ పోలికే లేదు, తెల్లవారుజామున ఆ చెరువు చూస్తే చాలు డబ్బులు వచ్చేసినట్టే. కాకపోతే సొంత బండి ఉన్నవాళ్లకే అది. బస్సుల్ని నమ్ముకున్నవాళ్లకు హనుమకొండే దిక్కు, కాకపోతే బస్టాండ్‌కు నాలుగు వీధులు అవతల గది తీసుకోండి.

ఆరింటికి భూపాలపల్లి బస్సు. పరకాల మీదుగా రేగొండ, అక్కడ దిగాలి. ఆడవాళ్లకు ఫ్రీ, ఆధార్ మర్చిపోవద్దు. మా పిల్ల తన జీరో టికెట్ చూపిస్తూ దారంతా బావను ఏడిపించింది. పరకాలలో బస్సు ఆగినప్పుడు అక్కడి అమరవీరుల స్మారకం అమరధామం గుర్తొచ్చి మా పిల్లకు చెప్పాను, 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చినవాళ్ల మీద నిజాం బలగాలు కాల్పులు జరిపింది ఈ ఊళ్లోనే అని. పుస్తకంలో లేదే అంది. రేగొండ నుంచి రావులపల్లికి ఆటో 200 అడిగాడు, ఆదివారం పొద్దున బేరం ఆడే ఓపిక లేక ఇచ్చేశాం.

ఊళ్లో మేకలు కాసే ఒక పెద్దాయన, మేం కాక అని పిలిచాం, దారి చూపడానికి 600కు వస్తానన్నాడు. ఈ ట్రిప్‌లో మేం పెట్టిన ఖర్చులన్నిట్లో సార్థకమైంది ఇదే. "చుట్టు తిరగాలంటే తలా మూడు లీటర్ల నీళ్లు పట్టుకోవాలె బిడ్డా, పైన బండ దొనల్లో నీళ్లున్నా మేకలకే పనికొస్తయి" అన్నాడు. మేం తెచ్చింది అందరికీ కలిపి నాలుగు లీటర్లు. వెనక్కి పోయి కిరాణాకొట్టు తెరిపించాడు. గేటు దగ్గర అటవీ సిబ్బందికి ఎటు పోతున్నామో చెప్పి 7:40కి నడక మొదలుపెట్టాం.

బొమ్మల గుహ దగ్గర మా పిల్ల "ఏవీ? ఏమీ లేవు కదా" అంది నిరాశగా. 1990లో బయటపడ్డ ఈ చిత్రాల్లో ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులున్నాయని చదివి, గోడ మీద పోస్టర్‌లా ఉంటాయనుకుంది. కాక తన రుమాలు తీసి ఎండకు అడ్డంగా పట్టి, "పక్కకు నిలబడి సూడు, జర ఆగు" అన్నాడు. కాసేపటికి బండ మీద ఎర్రటి మరక లాంటిది మెల్లగా జింక నడుమైంది, తర్వాత కాళ్లు కనిపించాయి. అప్పటినుంచి కదలదు ఆ పిల్ల. మా వెనకొచ్చిన కుర్రాళ్లు ఫొటోలో రంగు బాగా పడాలని సీసాతో నీళ్లు కొట్టబోతే కాక అరిచిన అరుపు గుట్టంతా మోగింది. ఆ పని చేసేవాళ్లూ, పక్కనే పేర్లు చెక్కేవాళ్లూ దయచేసి రావద్దు.

ఎదురు పాండవులు, మేకల బండ, గొంతెమ్మ గుట్ట, ఇలా ఒక్కో బండకూ ఒక పేరుంది. గొంతెమ్మ అంటే కుంతే. ఇక్కడిదంతా ఇసుకరాయి, రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది, పైపొర రాలి అడుగు కింద ఇసుకలా జారుతుంది. మంచి గ్రిప్ ఉన్న బూట్లు లేకపోతే కష్టం. ఒకచోట రెండు బండల మధ్య సందులో బావ బ్యాగుతో సహా ఇరుక్కుపోయాడు, ఫొటో తీశాకే లాగాం. పైన గట్టు మీద ఎక్కడో గాని సెల్ సిగ్నల్ లేదు. ఫిబ్రవరి కదా, మోదుగ అప్పుడే పూస్తోంది, కింద కళ్లాల్లో ఆరబోసిన మిర్చి ఎర్రటి చాపలు పరిచినట్టు కనిపించింది. అక్కడే కూర్చుని ముందురోజు రాత్రి హనుమకొండలో కొన్న సర్వపిండి తిన్నాం. చల్లారినా కరకరలాడుతూనే ఉంది.

దిగడమే అసలు పరీక్ష. వెనకవైపు బాట అంటూ ఏమీ లేదు, మేకలు పోయిన జాడే బాట. ఒక పుట్టను కొత్తగా తవ్వి ఉంటే చూపించి, ఎలుగుబంటి పని అని చెప్పి కాక అక్కడి నుంచి గట్టిగా మాట్లాడుతూ నడిచాడు, మేమూ ఊరికే కేకలేస్తూ నడిచాం. సగం దిగాక బావ బూటు అడుగు నోరు తెరిచింది. కాక అడ్డతీగ కోసి, పళ్లతో చీల్చి, నార తీసి కట్టు కట్టాడు. అది ఇంటిదాకా ఊడలేదు. ఊళ్లోకి వచ్చేసరికి మూడున్నర, ఫోన్ లెక్కలో 13 కిలోమీటర్లు.

పిల్లలతో పోవచ్చు గాని పదేళ్లు దాటినవాళ్లతోనే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బొమ్మలు చూసి తిరిగొచ్చేయండి. మార్చి దాటాక ఎవరూ వద్దు. ఘనపురం కోటగుళ్లు కూడా చూసేద్దామనుకున్నాం గాని ఈ అలసటలో 22 గుళ్లు చూడటం అయ్యే పని కాదని రేగొండలో చాయ్ తాగి బస్సెక్కాం. కాజీపేట స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని రైలొచ్చేదాకా ప్యాంట్లకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఏరుకుంటూనే ఉన్నాం.