1000000007, 998244353: ఏ ప్రధాన సంఖ్యతో మాడ్యులో తీయాలి?

ప్రోగ్రామింగ్ పోటీల్లో జవాబు మరీ పెద్దదైతే ఈ రెండిట్లో ఒకదానితో భాగించి శేషం చెప్పమంటారు. రెండూ 2³⁰ లోపే ఉంటాయి కాబట్టి రెండు శేషాలు కూడినా 32 బిట్లలో ఇమిడిపోతాయి. హెచ్చవేతకు మాత్రం 64 బిట్లు కావాలి. రెండూ ప్రధాన సంఖ్యలే కనుక భాగహారానికీ ఇబ్బంది లేదు: 2తో భాగించాలంటే మొదటి దాంట్లో 500000004తో, రెండో దాంట్లో 499122177తో గుణిస్తే చాలు.

తేడా అంతా ఒకటి తగ్గించి చూస్తేనే బయటపడుతుంది. 1000000006 అంటే 2 × 500000003. ఆ 500000003 కూడా ప్రధాన సంఖ్యే, ఇక విడదీయడానికేం లేదు. 998244352 మాత్రం 2²³ × 7 × 17. ఇన్ని రెండ్లు ఉండబట్టే, లబ్ధంలో 83,88,608 పదాల దాకా వచ్చే పాలినామియళ్ళను (బహుపదులను) ఎన్‌టీటీతో, అంటే శేషాలతోనే చేసే ఫోరియర్ పరివర్తన లాంటి పద్ధతితో, చకచకా గుణించవచ్చు. ప్రిమిటివ్ రూట్ (తన ఘాతాలతోనే సున్నా కాని శేషాలన్నిటినీ ఇచ్చే సంఖ్య) కూడా చిన్నదే, 3. ఇదే పని 1000000007తో చేయాలంటే మూడు వేరే ప్రధాన సంఖ్యలతో విడివిడిగా గుణించి, చైనీస్ శేష సిద్ధాంతంతో (వేర్వేరు శేషాల నుంచి అసలు సంఖ్యను రాబట్టే పద్ధతితో) అతకాలి. అదో తలనొప్పి.

అయితే వర్గమూలం దగ్గర, అంటే ఏ సంఖ్య వర్గం ఇచ్చిన శేషాన్ని మిగులుస్తుందో వెతికేటప్పుడు, కథ తిరగబడుతుంది. మొదటి దాంట్లో వర్గమూలం ఉన్న సంఖ్యను 250000002వ ఘాతానికి పెంచితే అదే వర్గమూలం. రెండో దాంట్లో ఆ 2²³ అడ్డొస్తుంది, టొనెల్లి–షాంక్స్ లాంటి, అంచెలంచెలుగా వర్గమూలం వెతికే పద్ధతి పట్టుకోవాలి.

గుర్తుపెట్టుకోవడానికి మొదటిదే హాయి. ఎంపిక నాదైతే, పాలినామియల్ వాసన తగిలినా రెండోదే తీసుకుంటాను.