ఎల్క్ వేటకు బెంగళూరులో సామాను: ఏవి ఇక్కడ కొనాలి, ఏవి అక్కడ చూసుకోవాలి

అమెరికాలోని కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జింక) వేటకి మా తమ్ముడి వెంట వెళ్లొచ్చాను, ముందే చెప్పేస్తాను. బూట్లు, లోపల వేసుకునే ఉన్ని బట్టలు, మాంసం సంచులు, తిండి బెంగళూరులో నిక్షేపంగా దొరుకుతాయి. బరువు మోసే బ్యాగు ఇక్కడ దొరకదు, దానికోసం ఇందిరానగర్ నుంచి జయనగర్ దాకా షాపులన్నీ తిరగడం దండగ. స్లీపింగ్ బ్యాగు దొరుకుతుంది కానీ లేబుల్ చదవడం తెలియకపోతే డబ్బూ పోతుంది, నిద్రా పోతుంది.

మా తమ్ముడు డెన్వర్‌లో ఉంటాడు. ఆఫీసులో ఎవరో అలవాటు చేస్తే వేట క్లాసు పూర్తి చేసి కార్డు తెచ్చుకున్నాడు (కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఆ కార్డు లేకపోతే లైసెన్సు ఇవ్వరు), అక్టోబరు రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి) వచ్చింది. "అక్కా, నువ్వు తుపాకీ ముట్టుకోనక్కర్లేదు, మోయడానికి మనిషి కావాలి" అన్నాడు. ఎల్క్ అంటే మన కణితికి పెద్దన్న అనుకోండి. మగది 300 కిలోలు దాటుతుంది, ఎముకలు తీసేసినా 90, 100 కిలోల మాంసం ఉంటుంది, ఆడదైనా 60 కిలోల పైమాటే. అది పడేది కారు పక్కన కాదు, రోడ్డుకి నాలుగైదు మైళ్ల దూరంలో, పదివేల అడుగుల ఎత్తులో. అందుకే సామాను గురించి ఇంత తల పట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి ఇక్కడ ఆ పేరుతో షాపు ఉండదు, ట్రెక్కింగ్ షాపుల్లోనే ఏరుకోవాలి.

బూట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావి ఏవి సరిగ్గా లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు, కాళ్లు పోతే మాత్రం ట్రిప్ అయిపోయినట్టే. కుమార పర్వతానికో స్కందగిరికో వేసుకెళ్లే మెత్తటి ట్రెక్ షూ అక్కడ చాలదు. మనం ఇక్కడ నడిచేది కాలిబాట మీద. అక్కడ ఎల్క్ వెనకాల పోతే బాట ఉండదు, ఏటవాలు మీద అడ్డంగా నడవాలి, పురుగు పట్టి చచ్చిన చెట్లు మైళ్ల కొద్దీ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, ఒక్కో దుంగ దాటుతూ పోవాలి. పైగా వచ్చేటప్పుడు వీపు మీద పాతిక కిలోలు. సోల్ గట్టిగా ఉండాలి, చీలమండ పైదాకా పట్టి ఉంచాలి. షాపులో చూడటానికి ఒక చిన్న పరీక్ష: ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందు భాగం పట్టుకుని గుడ్డ పిండినట్టు తిప్పండి. సులువుగా తిరిగిపోతే అక్కడే పెట్టేయండి.

నేను సర్జాపూర్ రోడ్డు డెకాథ్లాన్‌లో తీసుకున్నాను. సాయంత్రం వెళ్లండి, పొద్దంతా తిరిగాక కాళ్లు కాస్త ఉబ్బుతాయి, కొండ మీద కూడా అలాగే ఉబ్బుతాయి. మందం సాక్సు మీ వెంట తీసుకెళ్లి వాటితోనే వేసి చూడండి. లేసులు బిగించి మెట్లు దిగండి, వేలి కొనలు ముందు తగిలితే అర సైజు పెంచండి, దిగుడులో గోళ్లు నల్లబడేది అందుకే. తోలు బూటు కొంటే కనీసం కొన్ని వారాలు తొడిగి తిరగాలి. సుల్తాన్‌పేట వైపు నుంచి నంది కొండకి వెయ్యికి పైగా మెట్లున్నాయి కదా, వీపున బియ్యం బస్తా పెట్టుకుని అవి ఎక్కి దిగితే బూటుకీ మోకాలికీ ఒకేసారి పరీక్ష అయిపోతుంది. (కోతులతో జాగ్రత్త, బ్యాగు జిప్పు తీయడం వాటికి మనకన్నా బాగా తెలుసు.)

బ్యాగు సంగతి. అదే షాపులో ఒక కుర్రాడు దొరికాడు, మదనపల్లె. నా మాట విని తెలుగులోకి దిగిపోయాడు, మేడం కాస్తా అక్క అయ్యింది. "ఎంత మోస్తారక్కా?" అన్నాడు. పాతిక, ముప్పై కిలోలు అన్నాను. నా వైపు ఓసారి, బ్యాగు వైపు ఓసారి చూసి, పక్క వరసలో జిమ్ సామాను దగ్గరికెళ్లి పది కిలోల బిళ్లలు రెండు తెచ్చి, ఒక టవల్‌లో చుట్టి 70 లీటర్ల బ్యాగులో పెట్టాడు. నడుం బెల్టు ముందు బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగాడు. ఇరవై కిలోలకే వీపు దగ్గర గుడ్డ బయటికి పొంగింది, బరువంతా తుంటి మీద నుంచి జారి భుజాల మీదకొచ్చింది. "ఇది పదిహేను, పద్దెనిమిది కిలోల దాకా బాగుంటుందక్కా, ట్రెక్‌కి ఇదే బెస్ట్. మీరు చెప్పే పనికి వద్దు" అన్నాడు. అమ్మకం పోతుందని తెలిసీ చెప్పాడు చూడండి, ఐదు నక్షత్రాలు ఆ కుర్రాడికే.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. మాంసం మోయడానికి వేటగాళ్లు వాడే బ్యాగు వేరే జాతి. గట్టి ఫ్రేము ఉంటుంది, సంచి దాని నుంచి విడిపోయి వెనక్కి జరుగుతుంది, ఫ్రేముకీ సంచికీ మధ్యలో మాంసం మూట పెట్టి పట్టీలతో బిగిస్తారు. బరువు వీపుకి దగ్గరగా, కాస్త పైకి ఉంటుంది కాబట్టి మనిషి వెనక్కి తూలదు. స్టోన్ గ్లేసియర్, కిఫారు, ఎక్సో లాంటి కంపెనీలవి, ధర వింటే గుండె ఆగుతుంది. కొనకండి. అక్కడ అద్దెకి దొరుకుతాయి, లేదా వేట అలవాటున్నవాళ్ల ఇంట్లో పాతది ఒకటి మూలన పడి ఉంటుంది. నాకు తమ్ముడి స్నేహితుడిది ఇచ్చారు. వీపు పొడుగు సర్దుకునే వీలుందో లేదో చూడండి, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆరడుగుల మగవాడికి సర్దిన బ్యాగు మన నడుం బెల్టుని తొడల మీదికి దించేస్తుంది.

బట్టలు. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని ఆరదు, ఆగగానే వణుకు. మెరినో ఉన్ని టీషర్టు, లెగ్గింగు, రెండేసి జతలు చాలు. డెకాథ్లాన్ ఫోర్‌క్లాజ్‌వి తీసుకున్నాను, వరసగా వేసుకున్నా కంపు కొట్టలేదు, తడిసినా వెచ్చగానే ఉంది. ఖరీదైన అమెరికా బ్రాండు మెరినో పక్కన పెట్టి చూస్తే తేడా నాకైతే తెలియలేదు. పైన ఒక డౌన్ (పక్షి ఈకలు నింపిన) జాకెట్, ఒక రెయిన్ జాకెట్. ఇంకో సంగతి, డెకాథ్లాన్‌లోనే సోలోన్యాక్ అని ఒక వరస ఉంటుంది, ఫ్రాన్స్‌లో అది అచ్చంగా వేట బ్రాండు, మన దగ్గర అడవి జంతువులు చూడ్డానికి వెళ్లేవాళ్ల బట్టలుగా అమ్ముతారు. ఆ ఆకుపచ్చ ప్యాంటు నడిచేటప్పుడు చప్పుడు చేయదు, జేబులు లోతు, ముళ్లకి చిరగలేదు. ఉన్న సామానంతటిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ పనికొచ్చింది అదే. ఆకుల బొమ్మల డిజైను కోసం పాకులాడకండి, ఎల్క్ మనల్ని పట్టేసేది ముందు ముక్కుతో. తలకి కొబ్బరినూనె, మైసూర్ శాండల్ సబ్బు, రెండూ ఇంట్లోనే వదిలేయండి. బట్టలకి మెరుపు తెచ్చే రసాయనమున్న సబ్బుపొడితో ఉతికినవీ వద్దు, ఆ మెరుపు జంతువు కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జింక జాతికి నీలం, దానికి అటువైపు మనకి కనిపించని అతినీలలోహిత కాంతి బాగా తెలుస్తాయి, నారింజ మాత్రం మసగ్గా ఏదో మట్టిరంగులా అనిపిస్తుందట. అందుకే కొలరాడోలో రైఫిల్ వేటగాళ్లు 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ వేసుకుని తీరాలన్న రూలు ఉన్నా జంతువుకి ఇబ్బంది లేదు, సాటి వేటగాడికి మనం కనబడతాం. నేను వేటాడకపోయినా వేసుకున్నాను. ఎస్పీ రోడ్డులో కట్టడం పనివాళ్ల జాకెట్లు చవగ్గా ఉన్నాయి కానీ గరగరమంటాయి, అందుకే కొలరాడో వెళ్లాకే కొన్నాను.

ఇక స్లీపింగ్ బ్యాగు. షాపు పేరు చెప్పను, మంచి పేరున్నదే. ముందు పెద్దక్షరాలతో మైనస్ పది అని ఉంది. లోపల లేబుల్ వెతికితే ఆ ఒక్క అంకె తప్ప ఏమీ లేదు. అడిగితే "మైనస్ పది అంటే మైనస్ పదే మేడం" అని విసుక్కున్నాడు. కాదు బాబూ. సరైన పరీక్ష చేసిన బ్యాగు మీద కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి, రెండు అంకెలుంటాయి. కంఫర్ట్ అంటే మామూలు ఆడమనిషి హాయిగా నిద్రపోయే చలి, లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపే చలి. పెద్దక్షరాల అంకె చాలాసార్లు రెండోది, ఒక్కోసారి దానికన్నా కిందది. అక్టోబరులో ఆ ఎత్తులో రాత్రి మైనస్ ఐదు, మైనస్ పది మామూలే కాబట్టి కంఫర్ట్ అంకె చూసి మాత్రమే కొనండి. ఆ షాపులో కొనలేదు, రెండు అంకెలూ ఉన్నది వేరేచోట దొరికింది. కింద పరుపు ఇంకా ముఖ్యం, నేల లాగేసే వేడి అంతా ఇంతా కాదు. దాని మీద ఆర్ వాల్యూ (చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని ఉంటుంది, నాలుగుకి తగ్గకూడదు. మామూలు ఫోమ్ మ్యాట్ రెండుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, దాని మీద గాలి పరుపు వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. నేను అదే చేశాను, చవగ్గా తేలింది.

మాంసం సంచుల గురించి చెప్పాలి. అక్కడ గేమ్ బ్యాగులని అమ్ముతారు, గాలి ఆడే పల్చటి గుడ్డ సంచులు. చర్మం తీసి ముక్కలు చేసిన వెంటనే వాటిలో వేసి చెట్టు నీడన వేలాడదీయాలి, వేడి బయటికి పోవాలి, ఈగ వాలకూడదు. ప్లాస్టిక్ కవరులో వేస్తే లోపలే కుళ్లుతుంది. తుంటి ఎముక దగ్గర వేడి నిలిచి ముందు అక్కడే పాడవుతుందట. నేను చిక్‌పేటలో తెల్ల లాంగ్‌క్లాత్ తాను కొని, మారతహళ్లి టైలరుకిచ్చి మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు గలీబుల్లా కుట్టించాను, రెండుసార్లు కుట్టు, నోటికి నాడా. "ఇంత దిండ్లు ఎవరికక్కా?" అని అడిగాడు, చెప్పాను, కత్తెర పక్కన పెట్టి వేటంతా విన్నాడు. ఒక్క కుట్టూ ఊడలేదు. తమ్ముడి స్నేహితుడు తన సంచులకన్నా ఇవే నయమని రెండు అడిగి ఉంచుకున్నాడు. మల్లు గుడ్డ మాత్రం వద్దు, కన్నాలు పెద్దవి, ఈగ అందులోంచే గుడ్లు పెట్టేస్తుంది.

తిండికి ఎంటీఆర్ ఉప్మా, అటుకులు, పుట్నాల పొడి తీసుకెళ్లాను. పదివేల అడుగుల్లో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా బియ్యం ఉడకడానికి చాలాసేపు పడుతుంది, పప్పు సంగతి ఎత్తొద్దు. అటుకులకి వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు. నీళ్ల ఫిల్టరు సన్నటి గొట్టాలుండే రకమైతే రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి, ఒక్కసారి గడ్డకట్టిందా లోపల చిట్లిపోతుంది, బయటికి తెలియదు కూడా.

విమానంలో గ్యాస్ డబ్బా ఒప్పుకోరు, అక్కడే కొనాలి. కత్తి, చేతికర్రలు చెక్-ఇన్‌లో, పవర్ బ్యాంకు చేతి సంచిలో. సిగ్నల్ లేని చోట శాటిలైట్‌తో మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది అడవిలో తప్పనిసరి, కానీ ఇక్కడికి ఆర్డరు పెట్టకండి, వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకునీ రాకండి. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ పరికరం దగ్గరుంటే ఎయిర్‌పోర్టులోనే కేసు అవుతుంది, తెలియక తెచ్చిన విదేశీయులు కూడా ఇరుక్కున్నారు. తమ్ముడి దగ్గరే వదిలి వచ్చాను. కొమ్ములూ అంతే, ముచ్చటపడి తెస్తే కస్టమ్స్‌లో ఆగిపోతాయి.