తంబూరా, ఎలక్ట్రానిక్ శ్రుతి, ఫోన్ యాప్: సాధనకు ఏది మేలు?

చెన్నైలో పిల్లని పాట క్లాసులో చేర్చాక టీచర్ తప్పకుండా అడిగే మాట: "ఇంట్లో శ్రుతి ఏం పెడుతున్నారు?" మైలాపూరులోనైనా, నంగనల్లూరులోనైనా ఇదే ప్రశ్న. శ్రుతి అంటే పాట వెనకాల ఆగకుండా మోగే ఆధార ధ్వని. చాలామంది ఫోన్ చూపిస్తారు. కొందరు ప్లగ్‌లో పెట్టే ఎలక్ట్రానిక్ పెట్టె కొంటారు. తాతగారి తంబూరా గోడకు ఆనించి ఉందని చెప్పేవాళ్ళూ ఉంటారు, దాని తీగలు తెగి ఎన్నాళ్ళయిందో మాత్రం చెప్పరు. వీటిలో ఏది మేలో తేల్చుకోవాలంటే ధరల సంగతి తర్వాత, ముందు చెవి సంగతి చూడాలి.

పౌనఃపున్యం పెరిగితే కీచుదనం పెరుగుతుందని స్కూల్లో చదువుకున్నాం. నిజమే కానీ, పాటకి ఆ ఒక్క వాక్యం చాలదు. శ్రుతి ఎత్తుని అంకెలతో చెబుతారు. ఆడపిల్లలకు తరచూ పెట్టే ఐదు శ్రుతి తీసుకోండి, ఇక్కడి టీచర్లు ఐదు కట్టై అంటారు. అందులో ఆధార షడ్జమం, అంటే 'స', సెకనుకు 196 కంపనాలు, అంటే 196 హెర్ట్జ్. పై షడ్జమం 392, దాని పైది 784. మొదటి మెట్టుకి 196 హెర్ట్జ్ తేడా, రెండో మెట్టుకి 392. అయినా చెవికి రెండు మెట్లూ ఒకే ఎత్తు. చెవికి కావలసింది తీసివేతలు కాదు, రెట్లు. పంచమం, అంటే 'ప', షడ్జమానికి ఒకటిన్నర రెట్లు, అంతే.

ఇందులో ఒక తమాషా ఉంది. అదే ఇంట్లో అన్నయ్య ఒకటి శ్రుతిలో పాడుతున్నాడనుకోండి. అతని షడ్జమం 130.8 హెర్ట్జ్, పంచమం దాని మీద ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 196. చెల్లెలికి షడ్జమమైన ధ్వనే అన్నకి పంచమం! హెర్ట్జ్ అంకె చూసి అది ఏ స్వరమో చెప్పలేం. వెనకాల ఏ శ్రుతి మోగుతోందో తెలిస్తేనే చెప్పగలం. పక్కన శ్రుతి పెట్టకుండా పిల్ల సాధన చేస్తే పాట మధ్యలో షడ్జమం మెల్లగా జారిపోయేది అందుకే. అది పాడేవాళ్ళకీ తెలియదు, వంటింట్లోంచి వినేవాళ్ళకీ తెలియదు. ఎవరికైనా తెలిసేది క్లాసులోనే.

శ్రుతి జారకుండా పట్టుకోవడం వరకైతే ఫోన్ యాప్ చాలు. అంకె కచ్చితంగా నిలుస్తుంది, ఎండకీ ఏసీకీ మారదు. అసలు చిక్కు ఫోన్ స్పీకర్‌తో. ఐదు శ్రుతికి తంబూరా మంద్రం, అంటే కింది షడ్జమం పలికే తీగ, 98 హెర్ట్జ్. అంత కింది ధ్వనిని ఫోన్‌లోని చిన్న స్పీకర్ దాదాపు పలికించలేదు. మరి మనకి మంద్రం ఎలా వినిపిస్తోంది? 98తో పాటు 196, 294, 392, 490 అంటూ దాని గుణిజాలు కూడా ధ్వనిలో ఉంటాయి, వీటినే అనుస్వరాలు అంటారు. వాటి మధ్య ఎడం ఎప్పుడూ 98 కాబట్టి, కింద 98 లేకపోయినా ఉన్నట్టే మన మెదడు వింటుంది. పాతకాలం టెలిఫోన్ లైన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేవి. నాన్నగారి గొంతు అసలు పౌనఃపున్యం ఆ హద్దుకి బాగా కిందే ఉండేది. అయినా ఎస్టీడీ బూత్‌లో ఆయన గొంతు ఆయన గొంతులాగే వినిపించింది, ఆడగొంతు కాలేదు.

కాబట్టి ఫోన్ తప్పు శ్రుతి ఇస్తుందనడం సరికాదు. శ్రుతి సరైనదే, కానీ పలుచన. కింద ఆసరా లేని శ్రుతి పిల్ల గొంతు కింద మునిగిపోతుంది. దాన్ని వినడానికి పిల్ల తగ్గి పాడాలి, లేదా వినడం మానేసి గట్టిగా పాడాలి. ఎక్కువమంది రెండోదే చేస్తారు. అదే యాప్‌ని ఓ మాదిరి బ్లూటూత్ స్పీకర్‌కి కలిపితే కథ మారిపోతుంది. యాప్ కొనుక్కునే డబ్బు కూడా స్పీకర్‌లో పెట్టమంటాను, ఉచిత యాప్‌లు చాలావరకు సరిపోతాయి. ఒకటి మాత్రం వద్దు: పరీక్షల కోసం ఒకే ఒక్క పౌనఃపున్యాన్ని "బీఈఈప్" అని మోగించే టోన్ యాప్‌లు. అనుస్వరాలు లేని ధ్వని మీద గొంతు కలపడం కష్టం. పైగా అలాంటి ధ్వని వాల్యూమ్ పెంచితే దాని కీచుదనమే కాస్త మారినట్టు అనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ పెట్టె గురించి చెప్పడానికి అంత లేదు. బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారు చేశారు, ఇవాళ అది లేని పాట క్లాసు దొరకడం కష్టం. స్పీకర్ ఫోన్ కంటే పెద్దది, బటన్ నొక్కితే చాలు, మధ్యలో వాట్సాప్ మోగదు. పిల్లల సాధనకి ఈ చివరి గుణం చిన్నదేమీ కాదు. గాలితిత్తి ఉన్న పాత శ్రుతి పెట్టె కూడా దొరుకుతుంది. దాని నాదం నిండుగా ఉంటుంది కానీ ఒక చెయ్యి దానికే సరిపోతుంది, తాళం వెయ్యాల్సిన పిల్లకి అది కుదరదు.

ఇక తంబూరా. పనసకర్రతో చేసే తంజావూరు తంబూరా మీద పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అని నాలుగు తీగలు; సారణి, అనుసారణి రెండూ ఒకే షడ్జమానికి కట్టినవి. దీని బ్రిడ్జి గిటారుదిలా సన్నగా ఉండదు, వెడల్పుగా, కొంచెం వంపుగా ఉంటుంది. తీగకీ బ్రిడ్జికీ మధ్య ఒక నూలుపోగు దూరుస్తారు, దాన్నే జీవా అంటారు. దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంటే, ఒకచోట తీగ ఒక్కసారిగా గుయ్యిమని విచ్చుకుంటుంది. ప్రతి ఊపులోనూ తీగ ఆ వంపుని రాసుకుంటూ పోవడంతో పై అనుస్వరాలు బలంగా లేస్తాయి. మామూలు తీగని ఒక బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు వినబడకూడదు. తంబూరాలో, వీణలో అవి వినబడతాయని సి.వి. రామన్ 1921లో రాశారు. ఆయన అప్పుడు కలకత్తాలో ఉన్నారు, చదువు మాత్రం మన చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలోదే.

ఆ అనుస్వరాల్లో ఐదోది చెవి పెట్టి వినండి. మంద్రం 98 అయితే ఐదోది 490, అంటే అంతర గాంధారం, 'గ'లో పై రకం. ఎవరూ మీటకుండానే తీగలోంచి అదే పలుకుతుంది. కీబోర్డు మీద అదే చోట ఉన్న గాంధారం 493.9. రెండూ ఒకేసారి మోగితే సెకనుకి దాదాపు నాలుగుసార్లు ధ్వని పెరిగి తగ్గుతూ ఊగుతుంది. వీటిని విస్పందనాలంటారు. కీబోర్డు పక్కన పెట్టుకుని పాట నేర్చిన పిల్లల గాంధారం తంబూరా దగ్గర కొంచెం పైకి పోతుందని టీచర్లు విసుక్కునేది ఈ నాలుగు హెర్ట్జ్ గురించే. శంకరాభరణం, కల్యాణి లాంటి రాగాల్లో గాంధారం మీద నిలబడినప్పుడు ఇది బయటపడుతుంది. మంచి యాప్‌లలో అసలు తంబూరా రికార్డింగే ఉంటుంది, వాటిలోనూ ఈ గాంధారం ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లోంచి కూడా వస్తుంది. కాబట్టి గాంధారం వినడానికే తంబూరా కొనక్కర్లేదు.

తంబూరా మాత్రమే ఇచ్చేది మరొకటి: శ్రుతి చేసే పని. సారణి 196 దగ్గర, అనుసారణి 197 దగ్గర ఉంటే సెకనుకి ఒక ఊపు వినిపిస్తుంది. తీగ బిగించే బిరడా తిప్పి దగ్గరికి తెచ్చి, తీగ మీది పూస జరుపుతూ ఉంటే ఊపు నెమ్మదిస్తుంది, రెండు సెకన్లకొకటి, నాలుగింటికొకటి, ఆపైన నిలిచిపోతుంది. ఒక హెర్ట్జ్‌లో పావు వంతు తేడాని పిల్ల తన చెవితో పట్టుకుంది! ఇది ఏ బటనూ నేర్పదు. యాప్‌లో శ్రుతి ఎప్పుడూ ముందే సరిగ్గా ఉంటుంది, అదే దాని సుఖం, అదే దాని లోటు.

తాతగారి తంబూరా ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. అది మగగొంతుకి ఒకటి శ్రుతిలో కట్టినదైతే, అవే తీగల్ని ఐదుకి లాగొద్దు. పౌనఃపున్యం ఒకటిన్నర రెట్లు కావాలంటే తీగ బిగువు రెండుంబావు రెట్లు కావాలి. తీగ తెగితే పోనీలే అనుకోవచ్చు, తంబూరా కింది బుర్ర పగుళ్ళిస్తే బాగుచేయించడం పెద్ద ఖర్చు. సన్నని తీగలు వేయించి అప్పుడు పెంచండి.

నన్నడిగితే మొదటి పాఠాలైన సరళీ వరసలు, అలంకారాలు నడుస్తున్నంత కాలం యాప్, దానికో స్పీకర్. ఫోన్ ఇస్తే చదువు పోతుందని టెన్షన్ పడే ఇళ్ళల్లో ఎలక్ట్రానిక్ పెట్టె. వర్ణాల పాఠాలకి వచ్చాక తంబూరా కొనండి, యాప్‌ని మాత్రం తీసెయ్యకండి, అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఆరింటికి శ్రుతి చేసుకుంటూ కూర్చునే తీరిక రోజూ ఉండదు. కచేరీలు వినడానికే తప్ప పాడడానికి కాదనుకునేవాళ్ళకి తంబూరా దండగ.

కొట్టుకి వెళ్ళినప్పుడు నాలుగు తీగలూ కలిపి మీటి చూపిస్తే మురిసిపోవద్దు, ఏ తంబూరా అయినా అలా బాగానే ఉంటుంది. మీ పిల్ల శ్రుతికి కట్టించి, మంద్రం ఒక్కటే మీటమని, మిగతా తీగల్ని చేత్తో ఆపి వినండి. గాంధారం వినబడాలి. రాకపోతే నూలుపోగు సర్దమనండి. సర్దినా రాకపోతే ఇంకోటి చూపించమనండి.